డైరెక్టర్ కుర్చీకి ఎసరు పెట్టిన పొట్లం

1953 మార్చి 24. వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ నుంచి అలెన్ ఆస్టిన్‌కి కబురొచ్చింది. సహాయ మంత్రి క్రెయిగ్ షీఫర్ రమ్మంటున్నారని. షీఫర్ అంటే మన తాతల కాలంలో జేబుకి పెట్టుకుని మురిసిపోయిన షీఫర్ పెన్నుల వారే. తండ్రి పెట్టిన కంపెనీని ఏళ్ల తరబడి నడిపి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం రాగానే పదవిలోకి వచ్చారు. ఆస్టిన్‌ది వేరే లోకం. అదే వాణిజ్య శాఖ కింద ఉన్న నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కి ఆయన డైరెక్టర్. గజం ఎంత పొడవుండాలి, పౌను ఎంత తూగాలి, ఓల్టంటే ఎంత అని అమెరికాకి తేల్చి చెప్పే ప్రయోగశాల అది. పుట్టింది 1901లో. ఆస్టిన్ అందులో చేరి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువు దగ్గరకు వెళ్లగానే దానంతటదే పేలే ఫ్యూజుల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. వయసు 48.

ఆ గదిలో ఆయన్ను రాజీనామా చెయ్యమన్నారు.

లంచం తిన్నారని కాదు, రహస్యాలు అమ్మారని కాదు. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో ఉద్యోగం ఊడటానికి కమ్యూనిస్టనే అనుమానం ఒక్కటీ చాలు. ఆస్టిన్‌కి ముందు అదే కుర్చీలో కూర్చున్న ఎడ్వర్డ్ కాండన్ని అమెరికా కాంగ్రెస్ కమిటీ ఒకటి ఆ అనుమానంతోనే ఏళ్ల తరబడి వేధించింది. ఆస్టిన్ మీద ఆ మచ్చ కూడా లేదు. ఆయన ప్రయోగశాల చేసిన నేరమల్లా, కార్ల బ్యాటరీలో వేసుకునే ఒక పొడి పనిచెయ్యదని చెప్పడం.

ఆ పొడి పేరు ఏడీ–ఎక్స్2. తయారు చేసింది కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్‌లాండ్‌లోని పయొనీర్స్ అనే చిన్న కంపెనీ. దాని యజమాని జెస్ రిచీ. పెద్దగా చదువుకోలేదు. బుల్డోజర్ నడిపారు, కాంట్రాక్టులు చేశారు. మాట మీద పట్టున్న మనిషి. ఎదుటివాడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా బెదిరే రకం కాదు. ఇలాంటి వారిని మన ఊళ్లలోనూ చూస్తుంటాం. కాలేజీ మెట్లెక్కకపోయినా ఇంజన్ శబ్దం విని రోగం చెప్పేస్తారు, ఇంజనీర్లంటే లోలోపల చిన్నచూపు. రిచీ మీద నాకు మొదటి నుంచీ ఒక మెత్తదనం ఉంది. అది ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ పొడి అవసరం ఎవరికొస్తుందో ఊహించుకోవడం కష్టం కాదు. చలికాలం పొద్దున్నే డ్యూటీకి బయల్దేరాడు ఒక మామూలు ఉద్యోగి. తాళం తిప్పితే సెల్ఫ్ మూలిగి ఊరుకుంది. బానెట్ ఎత్తాడు. అప్పటి అమెరికా కార్లలో ఎక్కువ వాటికి 6 ఓల్టుల బ్యాటరీ, మూడే సెల్లులు. మూతలు విప్పి హైడ్రోమీటరు ముంచి రబ్బరు బుడ్డి వదిలితే, గాజు గొట్టంలోకి యాసిడ్ వచ్చి లోపలి తేలుడు పుల్ల అడుక్కి దిగబడిపోతోంది. బాగా ఛార్జయిన బ్యాటరీలో గ్రావిటీ 1.260, 1.280 దగ్గర నిలవాలి. ఇది అందులో ఎక్కడా లేదు. కొత్త బ్యాటరీకి జేబు ఒప్పుకోదు. కొద్ది డాలర్లకే ఒక పొట్లం దొరుకుతోంది. సెల్లుల్లో పోసి, చెప్పినట్టు ఛార్జి పెడితే చచ్చిన బ్యాటరీ లేస్తుందట. పోతే పోయేది ఆ కొద్ది డాలర్లే. ఎవరు కొనరు?

బ్యాటరీ ఎందుకు చస్తుందో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి గొడవంతా గాల్లో తేలుతుంది. లోపల ఒక వైపు సీసం పలక, ఇంకో వైపు లెడ్ డయాక్సైడ్ పూసిన పలక, మధ్యలో గంధకామ్లం. కరెంటు వాడుకున్న కొద్దీ రెండు పలకల మీదా తెల్లటి లెడ్ సల్ఫేట్ పొరగా పేరుకుంటుంది, యాసిడ్ పల్చబడుతుంది. అందుకే గ్రావిటీ పడిపోతుంది. ఛార్జి పెడితే ఆ తెలుపు మళ్లీ కరిగి సీసమూ యాసిడూ అవుతుంది. ఇంతవరకూ మామూలే. డౌనైన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం ఆ సన్నటి పొర పెద్ద పెద్ద పలుకులుగా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఛార్జి ఎక్కదు. మన బ్యాటరీ షాపుల్లో "ప్లేట్లు సల్ఫేట్ అయిపోయాయి" అంటారే, అది ఇదే. గట్టిపడిన ఆ సల్ఫేట్‌ని కడిగి పలకల్ని శుభ్రం చేస్తామన్నదే పొళ్లన్నిటి వాగ్దానం. మరీ ముదరని బ్యాటరీని సన్నటి కరెంటుతో చాలా గంటలు ఓపికగా ఛార్జి చేస్తే, ఏ పొడీ లేకుండానే అది కొంతవరకు తేరుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇంతకీ పొట్లంలో ఏముంది? మెగ్నీషియం సల్ఫేట్, సోడియం సల్ఫేట్. మొదటిది మన పెద్దవాళ్లు కడుపు శుభ్రానికి నీళ్లలో కలిపి తాగిన భేది ఉప్పు. రెండోదీ ఆ పనికి వాడినదే, యూరప్‌లో దాన్ని గ్లాబర్ ఉప్పు అంటారు. అంటే ఆనాటి అమెరికా బ్యాటరీలకు ఇచ్చింది అక్షరాలా విరేచనాల మందు. ఇప్పుడు కూడా ఇన్వర్టర్ బ్యాటరీలో భేది ఉప్పు వేస్తే కొత్తదానిలా పనిచేస్తుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. కిలో ఎంతకొస్తుందో చెప్పేవారే గానీ, వెయ్యని బ్యాటరీ ఏమైందో చూపించేవారు లేరు.

రిచీ పక్షాన ఒక పెద్ద పేరుంది. మెర్ల్ రాండాల్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్న ఆచార్యులు. గిల్బర్ట్ లూయిస్‌తో కలిసి 1923లో ఆయన రాసిన థర్మోడైనమిక్స్ పుస్తకం రెండు తరాల రసాయన శాస్త్రవేత్తలకి పాఠ్యగ్రంథం. అంతటి మనిషి పొడికి సలహాదారుగా ఉంటే దాన్ని కోయవాడి మూలికల జాబితాలో వెయ్యడం ఎవరికైనా కష్టమే. ఇది రెండు ఉప్పులు ఊరికే కలిపింది కాదనీ, తయారుచేసే పద్ధతిలోనే అసలు గుణం ఉందనీ పయొనీర్స్ వాదన. రాండాల్ 1950లో పోయారు. గొడవ ముదిరేనాటికి ఆ వాదనని విడమరిచి చెప్పడానికి ఆయన లేరు.

బ్యూరోకి మాత్రం ఈ ఉప్పులు కొత్తవి కాదు. 1920ల నుంచే రకరకాల బ్యాటరీ పొళ్లూ ద్రావణాలూ అక్కడికి వస్తున్నాయి, పరీక్ష చేస్తున్నారు, లాభం లేదని చెబుతున్నారు. 1931లో ఈ విషయం మీద ఒక సర్క్యులర్ కూడా అచ్చేసి అడిగినవారికల్లా పంపారు. వారి బ్యాటరీ నిపుణుడు జార్జి వైనల్. స్టోరేజి బ్యాటరీల మీద ఆయన పుస్తకం ఆ రంగంలో ప్రమాణం. 1948లో రిచీ తన పొడిని పరీక్షించమని అడిగితే, ప్రైవేటు వ్యక్తుల కోసం ఇలాంటి పరీక్షలు చెయ్యమని జవాబొచ్చింది. నిబంధన నిబంధనే. కానీ రిచీ వైపు నుంచి చూడండి. "నా సరుకు చూడకుండానే పనికిరాదంటారా?" అన్న కోపం న్యాయమైనదే కదా. ఆ పాత సర్క్యులర్ ఆయన వ్యాపారానికి అడుగడుగునా అడ్డం పడుతోంది. సరుకు కొనబోయినవాడు వాణిజ్య సంఘాన్ని అడుగుతాడు, వారు బ్యూరోని అడుగుతారు, బ్యూరో ఆ కాగితం పంపుతుంది, బేరం పోతుంది. నా మటుకు నాకు బ్యూరో తొలినాళ్లలోనే తలుపు తీసి, కూర్చోబెట్టి, నాలుగు బ్యాటరీల మీద చూపించి పంపి ఉంటే ఈ కథ ఓక్‌లాండ్ దాటేది కాదనిపిస్తుంది. మొండితనం ఒక వైపే లేదు.

1951లో బ్యూరో బ్యాటరీ పొళ్ల మీద కొత్త సర్క్యులర్ వేసింది. రిచీ పేరెత్తలేదు, తీర్పు మాత్రం పాతదే. రిచీ ఊరుకోలేదు. ఆయన వాడకందార్లు చిన్నాచితకా వాళ్లు కాదు. లారీల యజమానులు, వందల బళ్లున్న సంస్థల వాళ్లు ఉన్నారు. వారంతా తమ తమ సెనేటర్లకి ఉత్తరాలు రాశారు. మేం వాడాం, మా బ్యాటరీలు లేచాయి, ప్రభుత్వ ప్రయోగశాల ఒక చిన్న వ్యాపారి పొట్ట కొడుతోంది అని. ఆ ఉత్తరాలు పట్టుకుని సెనేటర్లు బ్యూరోని వివరణ అడగడం మొదలెట్టారు. పెద్ద బ్యాటరీ కంపెనీల కోసమే ఈ పొడిని తొక్కేస్తున్నారన్న గుసగుస కూడా బయల్దేరింది. చచ్చిన బ్యాటరీ లేస్తే కొత్తది అమ్ముడుపోదు కదా అన్న లెక్క వినడానికి ఎంత బాగుంటుందో!

చివరికి 1952 జూన్‌లో బ్యూరో ఎదురెదురుగా తేల్చుకోవడానికి సిద్ధపడింది. రిచీని పిలిచారు. ఆయన పక్షాన ఒక విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కూడా వచ్చారు. బ్యూరోలో గణాంకాల విభాగం ఒకటుంది, ప్రయోగాలెలా పేర్చాలో, అంకెలెలా చదవాలో వారి పని. వరసగా బ్యాటరీలు పెట్టారు. కొన్నిటికి మందు వేశారు, కొన్నిటికి వెయ్యలేదు. మిగతా అన్నీ సమానం, ఒకే ఛార్జి, ఒకే వాడకం. రోజుల తరబడి అంకెలు రాసుకున్నారు. మందు వేసినవీ వెయ్యనివీ ఒకేలా లేచాయి, ఒకేలా చచ్చాయి.

రిచీ ఒప్పుకోలేదు. తన సూచనల ప్రకారం చెయ్యలేదన్నారు. వాగ్వాదం మళ్లీ మొదటికొచ్చింది. సెనేట్ చిన్న వ్యాపారాల కమిటీ ఈసారి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని, అంటే మన పిల్లలు కలలు కనే ఎంఐటీని పరీక్ష చెయ్యమంది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన నివేదికలో మందు వేసిన సెల్లుల్లో కొన్ని తేడాలు కనబడినట్టు ఉంది. ఆ తేడాల వల్ల కారు నడిపేవాడికి లాభమని మాత్రం ఎంఐటీ చెప్పలేదు. ఆ సన్నటి గీత పత్రికల్లోకి వచ్చేసరికి చెరిగిపోయింది. ఎంఐటీ ఔనంది, బ్యూరో కాదంది అన్నట్టు ప్రచారమైంది.

అదే సమయానికి ప్రభుత్వం మారింది. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ వచ్చారు, వ్యాపారం తెలిసినవారే పాలించాలన్న గాలి వెంట తెచ్చారు. వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్ కూడా పరిశ్రమ నడిపి వచ్చినవారే. ఫిబ్రవరి 24న పోస్టల్ శాఖ ఏడీ–ఎక్స్2 మీద మోసం కింద ఆదేశం ఇచ్చింది. దాని అర్థం, పయొనీర్స్ పేర వచ్చిన ఉత్తరాలూ డబ్బూ ముద్ర కొట్టి పంపినవారికే తిప్పి పంపేస్తారు. పోస్టులో అమ్ముకునే కంపెనీకి అది ఉరితాడే. కొద్ది రోజుల్లోనే, వాణిజ్య శాఖ కోరిక మీద ఆ ఆదేశం ఆగిపోయింది. తర్వాత పెన్నుల షీఫర్ గదిలోకి ఆస్టిన్‌కి పిలుపు.

ఆస్టిన్ రాజీనామా పత్రం రాసిచ్చేశారు. వారం రోజులు విషయం గుట్టుగానే ఉంది. డ్రూ పియర్సన్ అనే పాత్రికేయుడు తన కాలమ్‌లో బయటపెట్టారు. మార్చి 31న వీక్స్ సెనేట్ కమిటీ ముందుకొచ్చారు. తాను శాస్త్రవేత్తని కానని ముందే ఒప్పుకున్నారు. కానీ అనుభవజ్ఞుడిగా తనకు ఒకటి తోస్తోందన్నారు. బ్యూరో మార్కెట్ చెప్పేదాన్ని అసలు లెక్కలోకే తీసుకోవడం లేదట, అందువల్ల నిష్పాక్షికంగా లేదట. ఆయన మాటల సారం ఇది. మరి ఇంతమంది డబ్బు పెట్టి కొని, బాగుందని మళ్లీ కొంటుంటే, అది సాక్ష్యం కాదా?

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వాషింగ్టన్‌లో కన్నా మన ఆటోనగర్‌లో తొందరగా దొరుకుతుంది.

బెజవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో స్పేర్‌పార్టుల షాపుకెళ్తే గల్లాపెట్టె వెనక వరసగా సీసాలుంటాయి. ఇంజన్ ఫ్లష్, ఫ్యూయల్ క్లీనర్, ఆయిల్‌లో కలిపేవి. ఇంజన్‌లో మడ్డి పట్టింది, పికప్ తగ్గింది, హెడ్ దింపితే వేలవుతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు అని ఫ్లష్ సీసా ఒకటి కొనుక్కొస్తాం. ఆదివారం పొద్దున బండి కాస్త వేడెక్కాక, పాత ఆయిల్‌లోనే సీసా మొత్తం వంపి, పది పదిహేను నిమిషాలు నిలబెట్టే ఇంజన్ ఆన్‌లో ఉంచాలి. బండిని రోడ్డెక్కించకూడదు. ఆ సీసాలో ఉండేది ఎక్కువగా కిరోసిన్ జాతి పల్చటి ద్రావకం, కొంత డిటర్జెంటు. పూర్వం మన మెకానిక్కులు డీజిలూ కిరోసినూ పోసి కడిగేవారే, ఇది దానికి ముస్తాబు చేసిన తమ్ముడు. తర్వాత అడుగున డ్రెయిన్ నట్టు విప్పితే తారులాంటి నల్లటి ఆయిల్ ధారగా కారుతుంది. దాన్ని చూస్తే ఎంత తృప్తి! ఇంత మురికి లోపలుందా అని ఇంట్లో వాళ్లని కూడా పిలిచి చూపిస్తాం. సీసా లేకుండా విప్పినా ఆయిల్ ఆ రంగులోనే వచ్చేది. మంచి ఆయిల్‌లోని డిటర్జెంట్లు మసిని తమలో కలుపుకుని నల్లబడటమే వాటి పని, డీజిల్ బండి అయితే మరీను. ఆ తర్వాత కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్. బండి తీస్తే శబ్దం తగ్గింది, నున్నగా పోతోంది. పక్కింటాయనకి చెబుతాం, "బాబాయ్, ఆ సీసా వెయ్యండి, బండి కొత్తదైపోతుంది" అని.

ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. బండి నిజంగానే బాగుపడింది. బాగు చేసింది సీసానా, కొత్త ఆయిలా, కొత్త ఫిల్టరా అన్నది మాత్రం చెప్పే దారి లేదు. దానికి అదే మోడల్, అన్నే కిలోమీటర్లు తిరిగిన రెండో బండి పక్కన ఉండాలి, దానికి సీసా లేకుండా కేవలం ఆయిల్ మార్చాలి, రెండింటినీ పోల్చాలి. ఏ ఇంటి ముందూ అలాంటి కవల బండి ఉండదు. ఓక్‌లాండ్ బ్యాటరీలదీ ఇదే కథ. పొడి వేసినవాడు దాంతో పాటు బ్యాటరీని ఒళ్లు వంచి ఛార్జి పెట్టాడు, నీళ్లు చూసుకున్నాడు, టెర్మినళ్లు గోకాడు. బ్యాటరీ లేచింది. అతని ఉత్తరంలో ప్రతి అక్షరమూ నిజమే. అలాంటి ఉత్తరాలు వెయ్యి చేర్చినా, పొడి వెయ్యని బ్యాటరీ గురించి ఒక్క ముక్క చెప్పవు. బ్యూరో చేసిందల్లా ఆ కవలని తెచ్చి పక్కన పెట్టడమే.

సీసాలన్నీ దండగని చెప్పడం కూడా తొందరపాటే. పెట్రోల్‌లో కలిసి ఇంజెక్టర్ల మీద, వాల్వుల మీద పట్టిన మసిని కరిగించే డిటర్జెంట్లు నిజంగా ఉన్నాయి. పాలీఈథర్ అమీన్ అనే జాతి అందులో పేరున్నది. మసి పట్టనివ్వని ఇలాంటి రసాయనాలు పెట్రోల్‌లో ఉండి తీరాలని అమెరికా 1995 నుంచి చట్టమే చేసింది. ఇంకో వైపు స్లిక్ 50 అనే ప్రసిద్ధ ఆయిల్ మందు ప్రకటనలకు పరీక్షల ఆధారం లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఫిర్యాదు పెట్టింది, మరుసటి ఏడాది కంపెనీ రాజీకొచ్చింది. రెండూ ఒకే అరలో, ఒకే రకం మెరుపు లేబుళ్లతో నిలబడి ఉంటాయి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని పాత ఇంజన్‌లో గట్టి మడ్డి ఉంటే, ఫ్లష్ దాన్ని పూర్తిగా కరిగించకుండా పెళ్లలుగా ఊడదీస్తుంది. ఆ పెళ్లలు అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డంపడితే ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పట్టేస్తాయి. వందల రూపాయల సీసా ఇంజన్ విప్పే ఖర్చులోకి దించుతుంది. అలాంటి బండికి రెండు మూడు సార్లు త్వరత్వరగా ఆయిల్ మార్చడమే మేలని ముదురు మెకానిక్ ఎవరైనా చెబుతాడు, సీసా అమ్మితే కమీషన్ వస్తుందని తెలిసి కూడా.

వాషింగ్టన్‌లో అప్పటికి మంట రాజుకుంది. శాస్త్రవేత్తల సంఘాలు భగ్గుమన్నాయి. ఒక కొలత ఫలితం నచ్చలేదని కొలిచినవాణ్ని తీసేస్తే, రేపు తూకాలు కూడా మంత్రిగారి ఇష్టప్రకారమేనా అన్నది వారి నిలదీత. బ్యూరోలో నాలుగు వందల మంది దాకా ఉద్యోగాలు వదిలేస్తామంటున్నారని వార్తలొచ్చాయి. అణుబాంబుల కాలం అది, రష్యాతో పోటీ. అలాంటి ప్రయోగశాల ఒక ఉప్పు పొట్లం మీద ఖాళీ అయిపోతే తట్టుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికుంటుంది? ఏప్రిల్ 17న వీక్స్ ఒక మెట్టు దిగారు. విచారణ పూర్తయ్యేదాకా ఆస్టిన్ తాత్కాలికంగా ఉంటారన్నారు. పొడి సంగతి తేల్చే బాధ్యత నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మీద పెట్టారు. బ్యూరో పనితీరు చూడటానికి బెల్ ల్యాబ్స్ అధ్యక్షుడు మెర్విన్ కెల్లీ ఆధ్వర్యంలో ఇంకో కమిటీ.

జూన్‌లో సెనేట్ కమిటీ ముందు అందరూ హాజరయ్యారు. రిచీ వచ్చారు, ఎంఐటీ వారొచ్చారు, ఆస్టిన్ వచ్చారు. పటాలతో, అంకెలతో తమ వారు చేసిన పనిని ఆస్టిన్ ఓపికగా విప్పి చెప్పారు. సెనేటర్లకి అంకెల కన్నా వాడకందార్ల ఉత్తరాలే అర్థమయ్యే భాష, అందులో ఆశ్చర్యం లేదు. రిచీ మాటల్లో నటన లేదన్నది నా నమ్మకం. కళ్లముందు బ్యాటరీలు లేస్తుంటే చూసిన మనిషి ఆయన. వెయ్యని బ్యాటరీని చూడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

ఆగస్టులో వీక్స్, ఆస్టిన్‌ని డైరెక్టర్‌గా ఉండిపొమ్మన్నారు. దాదాపు అదే సమయంలో పోస్టల్ శాఖ మోసం ఆదేశాన్ని పూర్తిగా ఎత్తేసింది. ఒక చేత్తో బ్యూరోకీ, ఇంకో చేత్తో రిచీకీ ఇచ్చిన బేరంలా కనిపిస్తుంది ఇది. షీఫర్ అదే ఏడాది పదవి వదిలారు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసి విరమించిన లోహశాస్త్రవేత్త జే జెఫ్రీస్ అకాడమీ కమిటీకి నాయకుడు. శరదృతువులో వారి నివేదిక వచ్చింది. బ్యూరో పని నాణ్యమైనది, ఏడీ–ఎక్స్2లో పస లేదు. ఇంత కాలం బ్యూరో చెప్పింది ఇదే.

గెలిచిన బ్యూరోకి దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. కెల్లీ కమిటీ బ్యూరోని మెచ్చుకుంటూనే, ఆయుధాల పని దానికెందుకు, సైన్యానికి ఇచ్చెయ్యండి అంది. ఆస్టిన్ యుద్ధకాలంలో రాత్రింబవళ్లు పనిచేసిన ఫ్యూజుల విభాగం అలా చేతులు మారింది. సిబ్బందిలో పెద్ద భాగం దాంతోపాటే పోయారు. ఆస్టిన్ మాత్రం 1969 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆయన కొడుకు జాన్ ఆస్టిన్ నటుడయ్యారు. ఆడమ్స్ ఫ్యామిలీ అనే టీవీ ధారావాహికలో ఇంటి పెద్దగా అమెరికా అంతా ఎరిగిన ముఖం. తండ్రి పేరు గుర్తున్నవారి కన్నా ఆయన్ని గుర్తుపట్టేవారే ఎక్కువ.

పొట్లం సంగతి అక్కడితో ముగియలేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పయొనీర్స్ ప్రకటనల మీద కేసు నడిపింది. వాడకందార్లు మళ్లీ వరసకట్టి మా బ్యాటరీలు లేచాయన్నారు, నిపుణులు వచ్చి ఉప్పుల వల్ల కాదన్నారు. అబద్ధపు ప్రకటనలని ప్రభుత్వం రుజువు చెయ్యలేకపోయిందంటూ కమిషన్ 1956లో కేసు కొట్టేసింది. అంటే రిచీ తన పొడి అమ్ముకోవచ్చు, అది పనిచెయ్యదని బ్యూరో చెప్పుకోవచ్చు.